గీత పడ్డ పెళ్లి డిస్కు

అమలాపురం గడియార స్తంభం సెంటర్‌కి కాస్త అవతల ఒక రిపేరు కొట్టు. మూరెడు బల్ల, దాని మీద మూత విప్పిన డీవీడీ ప్లేయరు, పక్కన సోల్డరింగ్ ఐరన్. ప్లేయరు తెచ్చినాయన రాజోలు వైపు మనిషి. సంచిలోంచి తువ్వాలులో చుట్టిన డిస్కొకటి తీసి బల్ల మీద పెట్టారు. కూతురి పెళ్లి డిస్కు. అమ్మాయి, అల్లుడు కువైట్‌లో ఉంటారు. ఇంటావిడ ఆ పెళ్లి మళ్లీ చూడాలంటున్నారట. డిస్కు పెడితే కాసేపు తిరిగి ‘నో డిస్క్’ అని చూపిస్తోంది.

"చవగ్గా వస్తుంటే కొన్నానండి. చవకది అంతేనేమో. ఇది పారేసి పెద్ద కంపెనీది కొనుక్కోమంటారా?"

మెకానిక్ డిస్కుని ట్యూబులైటు కింద పట్టుకుని అటూ ఇటూ వంచి చూశాడు. "అప్పుడే పారేయకండి. ముందు తప్పెవరిదో తేల్చాలి కదండీ" అన్నాడు.

నా రేడియో కోసం ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. చవక యంత్రం విలువ కట్టడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తోచలేదు. బొమ్మ చెడితే తప్పు డిస్కుది కావచ్చు, టీవీది కావచ్చు, కరెంటుది కావచ్చు, డిస్కు తయారుచేసినవాడిది కావచ్చు. ఇవన్నీ తీసేయగా మిగిలిందే ప్లేయరు తప్పు. మనం మాత్రం ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంతా ప్లేయరు మీదే వేసేస్తాం.

ముందు డిస్కు. 12 సెంటీమీటర్ల అడ్డకొలత, 1.2 మిల్లీమీటర్ల మందం. దగ్గర నుంచి చూస్తే అది ఒక్క బిళ్ల కాదు, 0.6 మిల్లీమీటర్ల బిళ్లలు రెండు అతికించినది. ఆ రెంటి నడుమ మెరిసే పలచని లోహపు పొర. సమాచారం ఉండేది అక్కడే. కొట్లో అమ్మే సినిమా డిస్కులో అది సన్నని గుంటల వరస. లోపలి నుంచి బయటికి, నత్తగుల్ల మీది చారలా, ఒకే ఒక్క వరస చుట్లు చుట్లుగా సాగుతుంది. ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య దూరం 0.74 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన అంబాజీపేటలో కొబ్బరి పీచు కుప్పలు అందరూ చూసే ఉంటారు. ఒక పీచు పోగు మందం 0.2 మిల్లీమీటర్లనుకుంటే, ఆ పోగు కింద ఇలాంటి వరసలు 270 పడతాయి. చుట్లన్నీ విప్పి తిన్నగా పరిస్తే వరస పొడవు దాదాపు 12 కిలోమీటర్లు. లెన్సు కింద అది సెకనుకి సుమారు మూడున్నర మీటర్ల చొప్పున సాగుతుంది. సైకిలు మామూలుగా తొక్కే వేగం అంతే ఉంటుంది. గంట సేపు సైకిలు తొక్కితే ఎంత దూరం వస్తుందో, ఒక డిస్కులో అంత దారి ఉందన్నమాట. సినిమా గంటకన్నా పొడుగు కాబట్టి లెన్సు మధ్యమధ్య ఆగి, ఒక చుట్టు వెనక్కి వచ్చి, మళ్లీ అందుకుంటుంది.

చదివేది ఎర్రని లేజరు, 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం. పాత సీడీలకి, వీసీడీలకి వాడేది 780, కంటికి ఆనని పరారుణ కాంతి. అందుకే డీవీడీ ప్లేయరు లెన్సు కింద మామూలుగా రెండు లేజర్లుంటాయి. ‘వీసీడీలు ఆడుతున్నాయి, డీవీడీలు ఆడట్లేదు’ అని ఎవరైనా అంటే ఎర్ర లేజరు అలిసిపోయిందని అనుమానించాలి. అంతమాత్రాన యంత్రం మొత్తం చచ్చిపోయినట్టు కాదు.

ఆ ఎర్ర కాంతి లోహపు పొర మీద అర మైక్రాన్ చుక్కగా పడాలి. గుంట లేనిచోట కాంతి నిండుగా తిరిగొస్తుంది. గుంట ఉన్నచోట కొంత కాంతి గుంట అడుగు నుంచి, కొంత పక్క నేల నుంచి వస్తుంది. గుంట లోతు తరంగంలో పావు వంతు ఉండేట్టు చేస్తారు కాబట్టి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెలుగు తగ్గుతుంది. ఈ తగ్గడం, పెరగడమే సినిమా. అయితే తిరిగే డిస్కు ఎప్పుడూ కొంచెం ఊగుతుంది. డిస్కు మిల్లీమీటరులో మూడో వంతు దాకా పైకీ కిందికీ ఊగినా, లెన్సు మాత్రం దూరాన్ని ఒక మైక్రాన్ తేడాలో పట్టుకోవాలి. లెన్సుని సన్నని తీగల మీద వేలాడదీసి, చుట్టూ రాగి చుట్ట, అయస్కాంతం అమర్చుతారు. స్పీకర్లో ఉండే ఏర్పాటే ఇది. స్పీకరు గాలిని కదుపుతుంది, ఇది లెన్సుని కదుపుతుంది. వెయ్యి రూపాయల పైచిలుకు పెట్టి కొన్న పెట్టెలో కూడా ఈ పని సెకనుకి వేలసార్లు జరుగుతోంది. నా మట్టుకు నాకు, చవకదని దాన్ని తక్కువ చేసి మాట్లాడబుద్ధి కాదు.

ఇక గీతలు. మనం డిస్కు మురికైతే ఏం చేస్తాం? లుంగీ అంచుతోనో, చొక్కా అంచుతోనో గుండ్రంగా తుడుస్తాం. పళ్లెం తుడిచినట్టు. అదే పొరపాటు. డిస్కు పై తలం దగ్గర లేజరు కిరణం ఇంకా చుక్క కాలేదు. అక్కడ దాని వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు దాటాకే అది అర మైక్రాన్‌గా ముడుచుకుంటుంది. కాబట్టి పైనున్న వెంట్రుక, ధూళి రేణువు, వేలిముద్ర దానికి మసకగా కనబడతాయే కానీ దారి మూసేయవు. కిటికీకి దగ్గరగా నిలబడి వీధిలోకి చూస్తే ఊచలు అడ్డం రానట్టే. గీత మధ్య నుంచి అంచుకి అడ్డంగా పడితే, ప్రతి చుట్టులోనూ లెన్సు దాన్ని ఒక్క క్షణంలో దాటేస్తుంది. గుండ్రంగా, వరస వెంట పడిందా, అదే గీత వందల వేల గుంటల్ని వరసగా మింగేస్తుంది. మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి.

చిన్న గీతల్ని దాటించే అసలు పనివాడు లెక్క. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు అమెరికన్ గణితవేత్తలు ఒక వ్యాసంలో ఇచ్చిన పద్ధతి అది. దాన్ని కొబ్బరి దింపు లెక్కతో చెబుతాను. ఒక రైతుకి మూడు చోట్ల చెట్లున్నాయి. లంకతోటలో మూడు దింపులకి 420, 380, 400 కాయలు. పెరట్లో 90, 110, 100. చెరువుగట్టున 210, 190, 200. పుస్తకంలో ప్రతి వరసకీ పక్కన మొత్తం రాశాడు: 1200, 300, 600. ప్రతి దింపుకీ కింద మొత్తం రాశాడు: 720, 680, 700. ఇప్పుడు వాన చినుకు పడి పెరటి రెండో దింపు అంకె చెరిగిపోయింది. 300లోంచి 90, 100 తీసేస్తే 110. నమ్మకం చాలకపోతే పై నుంచి కిందికి చూడండి: 680లోంచి 380, 190 తీసేసినా 110. ఒక వరస వరసంతా చెరిగినా నిలువు మొత్తాలు దాన్ని నిలబెడతాయి.

డీవీడీలో జరిగేది ఇదే, గణితం మాత్రం ఇంకా లోతైనది. 192 వరసలు, 172 నిలువుల గడుల్లో సమాచారం పెట్టి, దానికి 16 వరసలు, 10 నిలువులు ‘మొత్తాలు’ చేరుస్తారు. గడులన్నీ కలిపితే 37,856. అందులో నూటికి దాదాపు 13 వంతులు సినిమా కాదు, సినిమాని కాపాడే లెక్క. దానివల్ల వరస వెంట 6 మిల్లీమీటర్ల దాకా ఏకధాటిగా చెరిగిపోయినా తిరిగి కట్టవచ్చు. సీడీలో ఈ శక్తి రెండున్నర మిల్లీమీటర్లే. ఈ లెక్క చవక ప్లేయరులోనూ ఖరీదైన ప్లేయరులోనూ ఒకటే. తేడా వచ్చేది లెక్క ఓడిపోయాక. కొన్ని ప్లేయర్లు అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, వేగం తగ్గించి, నిదానంగా చదివే ప్రయత్నం చేస్తాయి. కొన్ని దాటి ముందుకి పోతాయి. కొన్ని అక్కడే బిగుసుకుపోయి, రిమోట్‌కి కూడా పలకవు. ఈ మూడో రకాన్ని ఎంత చవకైనా కొనకూడదు.

లెక్క కూడా తిరిగి కట్టలేని చోట తెర మీద గళ్లు గళ్లుగా చతురస్రాలు కనిపిస్తాయి కదా. ఆ గళ్లు ఎక్కడి నుంచో వచ్చి పడినవి కావు. డీవీడీలో బొమ్మని దాచేదే అలాంటి చిన్న చతురస్రాలుగా. పైగా ప్రతి బొమ్మనీ పూర్తిగా దాచరు. సుమారు అర సెకనుకొకటి నిండు బొమ్మ, మధ్యలోవన్నీ ‘ముందు బొమ్మకీ దీనికీ తేడా’ మాత్రమే. నిండు బొమ్మ చెడితే దాన్ని నమ్ముకున్న తేడాలన్నీ చెడతాయి. తర్వాతి నిండు బొమ్మ రాగానే అంతా సర్దుకుంటుంది. అర సెకను పాటు గళ్లు వచ్చి పోతే ప్లేయరు తన పని తాను చేస్తోందనే అర్థం.

బొమ్మ మసకగా ఉందంటే తప్పు ఇంకో చోట వెతకాలి. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు పడుతుంది. రెండుంపావు గంటల సినిమాకి అది సెకనుకి నాలుగున్నర మెగాబిట్లకి పైనే వస్తుంది. చక్కగా సరిపోతుంది. సంతల్లో ఒక డిస్కులో నాలుగు సినిమాలని అమ్మేవారు గుర్తుందా? నాలుగు సినిమాలు, ఒక్కోటీ రెండున్నర గంటలు. భాగించి చూస్తే సెకనుకి ఒక్క మెగాబిట్టు. అది వీసీడీ స్థాయి. జాతర సీనులో జనమంతా ముద్దగా కనబడితే ఏ కంపెనీ ప్లేయరూ దాన్ని విడదీసి చూపించలేదు, ఎందుకంటే అది డిస్కులోనే లేదు. 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ అనే మన దేశపు కంపెనీ అసలు డీవీడీని 34 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో చవక ప్లేయరుకి విలువ పెంచింది ఆ 34 రూపాయల డిస్కేనని నేననుకుంటాను.

టీవీ సంగతి కూడా లెక్కకట్టి చూద్దాం. కంటికి, మామూలు చూపున్నవారికి, రెండున్నర మీటర్ల దూరంలో 0.7 మిల్లీమీటర్లకన్నా దగ్గరి గీతలు విడివిడిగా తెలియవు. పాత 21 అంగుళాల డబ్బా టీవీలో తెర ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. డీవీడీకి 576 గీతలు. ఒక్కో గీతకి 0.5 మిల్లీమీటర్లు, కంటికి కలిసిపోతాయి. వీసీడీకి 288 గీతలే, ఒక్కోటి ఒక మిల్లీమీటరు, కంటికి తెలుస్తుంది. అంటే ఆ టీవీ మీద వీసీడీకీ డీవీడీకీ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చవక డీవీడీ ప్లేయరుకీ ఖరీదైనదానికీ మాత్రం తేడా కనబడదు. అదే డిస్కుని ఇవాళ్టి 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీలో చూస్తే ఒక్కో గీత 0.9 మిల్లీమీటర్లవుతుంది. మసక తెలుస్తుంది. ప్లేయరు మీద ‘హెచ్‌డీ’ అని అంటించిన స్టిక్కరు ఆ గీతల్ని సాగదీసి నున్నగా చేస్తుందే తప్ప లేని వివరం పుట్టించదు. స్టిక్కరు కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

మరి చవక దేంట్లో? బొమ్మని విప్పే పని అంతా ఒక చిప్పుది. తైవాన్‌లో 1997లో మొదలైన మీడియాటెక్ లాంటి కంపెనీలు ఆ చిప్పుల్ని కోట్లలో చేసి, పేరున్న పెట్టెలకీ పేరులేని పెట్టెలకీ అమ్మాయి. లేజరు లెన్సు కూడా అంతే. మన కొట్లలో ‘సాన్యో హెచ్‌డీ 65’ అని అడిగితే ఇచ్చే లెన్సు ఎన్నో రకాల ప్లేయర్లలో సరిపోతుంది. బొమ్మని తెచ్చే ఈ భాగాల్లో పెద్ద తేడా లేదు. అసలు పొదుపంతా పవర్ సప్లై దగ్గర, ట్రే దగ్గర, పెట్టె రేకు దగ్గర జరుగుతుంది.

ఇక ఈ యంత్రం మన దాకా వచ్చిన దారి. జపాన్‌లో తొలి డీవీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చింది 1996 నవంబర్ 1న. ఆ తర్వాత అయిదో రోజు రాత్రి, నవంబర్ 6న, కోనసీమని తుపాను ముంచింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. కొత్త యంత్రం పుట్టిన వారంలోనే ఇక్కడి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. ఆ యంత్రం తర్వాత ఇక్కడికి చేరింది చాలా ఇళ్లలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లో. కువైట్ కరెంటు, ఇక్కడి కరెంటు దాదాపు ఒకటే, 50 హెర్ట్జే, టీవీలూ పాల్ పద్ధతివే. ప్లగ్గు మారిస్తే సరిపోయింది. డిస్కులతోనే చిక్కు. సినిమా కంపెనీలు ప్రపంచాన్ని ప్రాంతాలుగా కోశాయి. గల్ఫ్ 2వ ప్రాంతం, మనది 5వది, అమెరికా 1వది. అక్కడ కొన్న ఇంగ్లీషు సినిమా ఇక్కడి పేరున్న ప్లేయరులో ఆడకపోవచ్చు. పేరులేని చవక ప్లేయర్లు చాలావరకు అన్ని ప్రాంతాలవీ చదివేవి. వీసీడీ, ఎంపీ3, తర్వాత యూఎస్‌బీ కూడా. ఒక కుటుంబం కొంత అమలాపురంలో, కొంత కువైట్‌లో, కొంత డల్లాస్‌లో ఉన్నప్పుడు ఇది చిన్న గుణం కాదు. అమెరికా నుంచి ప్లేయరు తెచ్చేవాళ్లు మాత్రం వెనక ‘120 వోల్టులు’ అని మాత్రమే రాసి ఉంటే ఇక్కడ గోడకి గుచ్చొద్దు. లోపల ఏదో ఒకటి పేలుతుంది.

నేను ఎక్కువ భయపడేది కరెంటుకే. 230 వోల్టులు ఏకముఖం చేసి నింపితే లోపలి పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు తీసినా కాసేపు ఉంటాయి. మూత విప్పి చెయ్యి పెట్టకండి, ముఖ్యంగా పిల్లల్ని పెట్టనివ్వకండి. ఈ కెపాసిటర్లకి వేడి పడదు. పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్సులో ఒక లెక్క. ప్లేయరుని డబ్బా టీవీ పైన పెట్టి, దాని మీద క్రోషే గుడ్డ పరిచి, గుడ్డ మీద బొమ్మ పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉండేది. ప్లేయరు పైన ఉన్న చిల్లులు అందంకోసం కావు, వేడి పోవడానికి. సముద్రం దగ్గరి అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలో ఉప్పు తడి ఉంటుంది. రేకు తుప్పు, కనెక్టర్లలో పచ్చపొర తొందరగా వస్తాయి. వెచ్చగా ఉందని బల్లి దూరి బోర్డు మీద షార్టయి చచ్చిన పెట్టెలు ఆ మెకానిక్ బల్ల కింద చూశాను. కరెంటు పోయినప్పుడు ప్లగ్గు తీసేయాలి. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారి ఎగిసే వోల్టేజి కెపాసిటర్లని తినేస్తుంది.

లెన్సు విషయంలో ఒక దురలవాటు చెప్పాలి. లేజరు మందగించినప్పుడు కొందరు లెన్సు పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి దాని శక్తి పెంచుతారు. ఆ రోజుకి ఆడుతుంది. కొన్నాళ్లకి పూర్తిగా పోతుంది. ముసలి ఎద్దుని ములుకోలతో పొడిచి నడిపించడం లాంటిది. లెన్సు ప్లాస్టిక్కు. మంచి దూదితో, అవసరమైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కతో ఒక్కసారి మెల్లిగా తుడిస్తే చాలు.

కొనేటప్పుడు నేను ఏం చేస్తానంటే, ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా గీతలు పడ్డ డిస్కు తీసుకెళ్తాను. కొట్లో వాళ్ల కొత్త డిస్కు మీద ఏ ప్లేయరైనా ఆడుతుంది. నా డిస్కు పెట్టి, చివరి అధ్యాయానికి దూకిస్తాను. ఎందుకంటే అంచు దగ్గర ఊగడం ఎక్కువ. ట్రే బయటికి వచ్చినప్పుడు వేలితో మెల్లిగా నొక్కుతాను. గడగడ ఊగితే వద్దు. వీలైతే గంటసేపు ఆడనిచ్చి పైన చెయ్యి పెట్టి చూస్తాను. చెయ్యి ఓర్చుకోలేనంత వేడైతే వద్దు. తర్వాత అడిగేది ఒక్కటే: లెన్సు మార్చడానికి ఇక్కడే దొరుకుతుందా? పదిహేను వందలు పెట్టి కొన్నదాన్ని వారానికి రెండుసార్లు చొప్పున మూడేళ్లు వాడామనుకుందాం. సుమారు మూడువందల సాయంత్రాలు. ఒక్కో సాయంత్రానికి అయిదు రూపాయలు. కరెంటు 12 వాట్లు, మూడు గంటలు, అంటే వంద సినిమాలకి మూడున్నర యూనిట్లు పైచిలుకు. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని చూసే సినిమాకి ఇది ఎక్కువ కాదు.

ఇదంతా అయ్యాక రాజోలాయన డిస్కు. అది కొట్లో కొన్న సినిమా కాదు, వీడియోవాళ్లు రాసిచ్చిన డీవీడీ-ఆర్. అందులో గుంటలుండవు. రంగు పొర ఉంటుంది, లేజరు దాన్ని అక్కడక్కడ మాడ్చి గుర్తులు పెడుతుంది. ఎండకీ వేడికీ ఆ రంగు ఏళ్ల తరబడి మెల్లిగా వెలుస్తుంది. అద్దాల బీరువాలో ఎండ పడే చోట పెట్టిన పెళ్లి డిస్కులు గీత ఒక్కటీ లేకుండానే చదవడం మానేస్తాయి. తేమ ఉంటే ఇంకా చెడ్డ. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వచ్చిన ఒక సీడీని బూజు తినేయడాన్ని స్పెయిన్ శాస్త్రజ్ఞులు 2001లో బయటపెట్టారు. మన గోదావరి లంకల తేమ బెలీజ్‌కి ఏమీ తీసిపోదు. పెళ్లి డిస్కు, ఓణీల ఫంక్షన్ డిస్కు, పోయినవాళ్లు మాట్లాడిన డిస్కు ఉన్నవాళ్లు ఈ వారంలోనే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంకో చోట కూడా ఒక కాపీ పెట్టుకోవాలి. చవక ప్లేయరు ఇంకా చదవగలుగుతున్నప్పుడే చేయాల్సిన పని ఇది.

తప్పు లెన్సుదేనని తేల్చి, మెకానిక్ పాతది తీసి కొత్త లెన్సు బిగించాడు. రిబ్బన్ కేబులు తొడిగి, మూత పెట్టకుండానే ఆన్ చేశాడు. డిస్కు గిర్రున తిరిగి నెమ్మదించింది. లెన్సు రెండుమూడుసార్లు పైకీ కిందికీ ఆడింది. తెర మీద పసుపు రాసిన కొబ్బరాకుల పందిరి వచ్చింది. తలంబ్రాల దగ్గర అర సెకను గళ్లు పడి, పోయాయి. గళ్లు పోయేసరికి పెళ్లికూతురు నవ్వుతోంది. రాజోలాయన స్టూలు ముందుకి జరుపుకున్నారు.

"పెన్‌డ్రైవ్ ఉందాండీ?" అని అడిగాడు మెకానిక్. "ఇప్పుడే కాపీ తీసేద్దాం."